పాత గృహ కంప్యూటర్లకు ఉమ్మడి సాఫ్ట్‌వేర్: బేసికోడ్ చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తయారీ సంస్థ వదిలేసిన గృహ కంప్యూటర్‌కు పనికివచ్చే సాఫ్ట్‌వేర్ సంపాదించడం 1980లలో దాని యజమానులకు పెద్ద సమస్య. నెదర్లాండ్స్ రేడియోలో పుట్టిన ‘బేసికోడ్’ అనే ఒడంబడిక ఈ సమస్యను ఎలా ఎదుర్కొన్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యంత్రం ఎంతకాలం ఉపయోగపడుతుందన్నది దాని భాగాల మన్నిక కంటే, దానికి అందే సాఫ్ట్‌వేర్ ఏ రూపంలో ఉన్నదన్న అంశంపైనే ఎక్కువగా ఆధారపడుతుందని ప్రతిపాదిస్తుంది. ఆ దృష్టితోనే తెలుగు డిజిటల్ పాఠాల స్థితిని కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: గృహ కంప్యూటర్లు, బేసిక్ భాష, బేసికోడ్, రేడియో ప్రసారం, ఇస్కీ, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

1977లో యాపిల్ 2, కమడోర్ పెట్, టీఆర్‌ఎస్-80 యంత్రాలు విపణిలోకి రావడంతో కంప్యూటర్ సామాన్యుల ఇళ్లలోకి ప్రవేశించింది. 1981లో బీబీసీ మైక్రో, 1982లో కమడోర్ 64, జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ వెలువడ్డాయి. ఈ యంత్రాలన్నింటిలోనూ బేసిక్ భాష ఉండేది. అయినా ఒకదాని కోసం రాసిన ప్రోగ్రామ్ మరొకదానిలో నడిచేది కాదు. సంస్థ ఒక యంత్రాన్ని వదిలేస్తే దానికి కొత్త సాఫ్ట్‌వేర్ రాసేవారు క్రమంగా కరవయ్యేవారు. 1983 అక్టోబరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ గృహ కంప్యూటర్ల వ్యాపారం నుంచి తప్పుకున్నప్పుడు దాని టీఐ-99/4ఏ కొన్నవారి పరిస్థితి ఇదే. యంత్రం చెడిపోలేదు, దానికి అండ పోయింది.

2. అననుకూలతకు మూలాలు

1964లో డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ రూపొందించిన బేసిక్ భాష గృహ కంప్యూటర్లకు చేరేసరికి అనేక మాండలికాలుగా చీలిపోయింది. తెర తుడవడమనే చిన్న పనినే చూడవచ్చు. స్పెక్ట్రమ్, బీబీసీ మైక్రోలలో అందుకు ‘సీఎల్‌ఎస్’ అనే ఆదేశం ఉంది. యాపిల్ 2లో ‘హోమ్’ అనాలి. కమడోర్‌లో 147వ సంకేతాన్ని తెరపైకి ముద్రించమని ఆదేశించాలి.

రెండో చిక్కు క్యాసెట్‌లో ఉంది. చాలా యంత్రాలు ప్రోగ్రామ్‌ను అక్షరాలుగా కాక, ఒక్కొక్క ఆదేశాన్ని ఒక్కొక్క సంఖ్యగా కుదించి భద్రపరిచేవి. ఆ సంఖ్యలు యంత్రానికొక తీరుగా ఉండేవి. వాటిని టేపుపై ధ్వనిగా మార్చే పద్ధతీ వేర్వేరే. అందువల్ల ఒక యంత్రపు క్యాసెట్ మరొక యంత్రానికి వట్టి రొద.

3. బేసికోడ్ ఆవిర్భావం, నిర్మాణం

నెదర్లాండ్స్ ప్రసార సంస్థ ఎన్‌ఓఎస్ తన ‘హాబీస్కూప్’ రేడియో కార్యక్రమంలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌లను ధ్వనిరూపంలో ప్రసారం చేయసాగింది. శ్రోతలు ఆ ధ్వనిని క్యాసెట్‌పై రికార్డు చేసుకొని తమ కంప్యూటర్‌కు వినిపించేవారు. తొలుత ఏ యంత్రపు ప్రోగ్రామ్‌ను ఆ యంత్రపు పద్ధతిలోనే ప్రసారం చేయడంతో, ఒక్కొక్క ప్రసారం శ్రోతల్లో కొందరికే పనికివచ్చేది. ఈ పరిమితిని దాటేందుకు 1980ల తొలినాళ్లలో బేసికోడ్ రూపొందింది.

దీనిలో రెండు అంచెలున్నాయి. మొదటిది ధ్వనికి సంబంధించిన ఒడంబడిక. ప్రోగ్రామ్‌ను కుదించిన సంఖ్యలుగా కాక, ఆస్కీ అక్షరాలుగానే సెకనుకు 1200 బిట్ల వేగంతో పంపాలి. ఒక్కొక్క అక్షరానికి ఆరంభ, అంత్య బిట్లతో కలిపి 11 బిట్లు అవసరం. అంటే సెకనుకు సుమారు 109 అక్షరాలు. 16 కిలోబైట్ల ప్రోగ్రామ్‌కు రెండున్నర నిమిషాలు.

రెండోది భాషకు సంబంధించినది. బేసికోడ్ 2తో స్థిరపడింది. ప్రోగ్రామ్ రచయిత 1000వ పంక్తి నుంచి మాత్రమే రాయాలి. అంతకు ముందున్న పంక్తులు ఆయా యంత్రపు సొంత సబ్‌రొటీన్లకు ప్రత్యేకం. తెర తుడవాలంటే రచయిత ‘గోసబ్ 100’ అంటాడు. తెరపై నిర్దిష్ట స్థానానికి వెళ్లాలంటే ‘గోసబ్ 110’. మీట నొక్కేవరకు ఆగాలంటే ‘గోసబ్ 210’. యాపిల్‌లో 100వ పంక్తి వద్ద ‘హోమ్’ ఉంటుంది, స్పెక్ట్రమ్‌లో ‘సీఎల్‌ఎస్’ ఉంటుంది. రచయితకు ఆ భేదంతో పనిలేదు.

ఈ విభజన ఫలితం గమనార్హం. ప్రాచుర్యం కోల్పోయిన యంత్రానికి వందలాది ప్రోగ్రామ్‌లను ఎవరూ తిరిగి రాయనవసరం లేదు. టేపును చదివే ఉపకరణాన్ని, ఆ సబ్‌రొటీన్లను ఒక్క ఔత్సాహికుడు ఒక్కసారి సమకూరిస్తే చాలు. ఉమ్మడి భాండాగారమంతా ఆ యంత్రానికి అందుబాటులోకి వస్తుంది.

4. వ్యాప్తి, పరిమితులు

బ్రిటన్‌లో బీబీసీ రేడియో 4 ‘చిప్ షాప్’ కార్యక్రమం ద్వారా బేసికోడ్ ప్రోగ్రామ్‌లు ప్రసారమయ్యాయి. పాశ్చాత్య సాంకేతిక ఎగుమతులపై ఆంక్షలున్న తూర్పు జర్మనీలో సైతం రేడియో వీటిని ప్రసారం చేసింది. అక్కడి కేసీ శ్రేణి యంత్రాలు వాటిని చదవగలిగాయి.

అయితే అన్ని యంత్రాలకూ ఉమ్మడిగా ఉన్న కనీస సామర్థ్యానికే రచయిత కట్టుబడాలి. తెర 24 వరుసలు, 40 నిలువులు. వేగవంతమైన బొమ్మలు లేకపోవడంతో ఆటల విషయంలో బేసికోడ్ వెనుకబడింది. గణితం, విద్య, లెక్కల నిర్వహణ వంటి రంగాల్లో రాణించింది. కనుక ఇక్కడ దీర్ఘాయువు ఆడంబరాన్ని వదులుకోవడం వల్ల లభించింది.

5. తెలుగు పాఠాలకు అన్వయం

ఇదే సూత్రం భారతీయ లిపుల చరిత్రలోనూ కనిపిస్తుంది. 1991లో భారతీయ ప్రమాణంగా వెలువడిన ఇస్కీలో ‘క’ అక్షరానికి తెలుగులోనైనా దేవనాగరిలోనైనా ఒకే సంకేతం. ఆకృతిని ఎంచుకునే భారం యంత్రానిది. బేసికోడ్‌లో 100వ పంక్తి చేసే పని ఇటువంటిదే. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు లిపికి ప్రత్యేక స్థానం లభించింది.

అయితే మన డీటీపీ వ్యవహారం చాలాకాలం దీనికి విరుద్ధంగా సాగింది. అను వంటి ఫాంట్లలో తలకట్టు, గుడి, ఒత్తు మొదలైన ముక్కలను ఆంగ్ల అక్షరాల స్థానాల్లో అమర్చారు. ఆ ఫాంట్ లేనిచోట తెలుగు పాఠం అర్థరహితమైన ఆంగ్ల అక్షరాల వరుసగా కనిపిస్తుంది. పైగా అటువంటి పుస్తకాలు, సిద్ధాంత గ్రంథాలు అనేకం పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ చివరి ప్రధాన రూపమైన 7.0 వెలువడింది 2001లో. దాన్ని నడిపే పాత కంప్యూటర్ ఆగిపోతే, ముద్రిత ప్రతి మిగిలినా, వెతకడానికీ విశ్లేషించడానికీ వీలైన పాఠం చేజారుతుంది.

6. ముగింపు

• గృహ కంప్యూటర్ల నిరుపయోగానికి యంత్రలోపం కంటే సాఫ్ట్‌వేర్ ఒకే యంత్రానికి బందీ కావడం ముఖ్యకారణం.

• బేసికోడ్ ఉమ్మడి భాగాన్ని యంత్రపు సొంత భాగం నుంచి వేరుచేసి, ప్రోగ్రామ్‌ను చదవదగిన అక్షరాలుగా నిలిపింది. దాని మన్నికకు మూలం అదే.

• పాత ఫాంట్లలోని తెలుగు పాఠాలను, వాటిని తెరవగల యంత్రాలు పనిచేస్తున్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చి, మూలంతో సరిచూసి భద్రపరచడం విశ్వవిద్యాలయ శాఖల తక్షణ కర్తవ్యం. ఆ యంత్రాలు మూలపడిన తరువాత ఇదే పని అనేక రెట్లు కష్టతరమవుతుంది.