రిహార్సల్ లేని నాటకం

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఆదివారం తీరిగ్గా చదవండి.

పిల్లలు రాత్రిళ్ళు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరితోనో "ఎస్సై గారూ, బండి పక్కకి ఆపాను, కాగితాలు ఇవిగోండి" అని మాట్లాడుతున్నారని, మతి గానీ చలించిందా అని గ్రూపులో కొందరు తల్లిదండ్రులు బాధపడ్డారు. తిట్టే ముందు అడిగి తెలుసుకుందామని మేము ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళను కూర్చోబెట్టి అడిగాం. దాన్ని రోల్ ప్లే అంటారట. జీటీఏ అనే ఆటలో ఒక ఊరు ఉంటుంది. అందులో ఒకడు పోలీసు, ఒకడు అంబులెన్సు డాక్టరు, ఒకడు టాక్సీ డ్రైవరు, ఒకడు దొంగ. విజయవాడ కుర్రాడు, దుబాయ్ కుర్రాడు, మన సునాబెడ కుర్రాడు ఒకే వీధిలో ఎదురుపడతారు. ఒకరి అసలు ముఖం ఒకరు చూసి ఎరగరు. రాసిపెట్టిన మాటలు లేవు, రిహార్సల్ లేదు. వేషం మాత్రం విడవకూడదు.

ఇదంతా విన్నాక మాకు కోపం బదులు నవ్వు వచ్చింది. ఇది మన కాంట్రాక్టు నాటకమే కదా!

ఈ తరానికి ఆ మాట తెలియదు కాబట్టి కాస్త వెనక్కి వెళ్ళాలి. తెలుగు నాటకం మొదట్లో సమాజాల చేతుల్లో ఉండేది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి సరస వినోదినీ సభ, విజయనగరంలో 1892లో కన్యాశుల్కం ఆడిన జగన్నాథ విలాసినీ సభ, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన సురభి. వీటన్నిటికీ సొంత నటులు, సొంత తెరలు, నెలల తరబడి సాధన ఉండేవి. 1932లో భక్త ప్రహ్లాద టాకీ వచ్చింది. ఆ తర్వాత జనం సినిమా హాళ్ళకు మళ్ళారు, మంచి గొంతున్నవాళ్ళు మద్రాసు రైలెక్కారు. జీతాలిచ్చి పోషించే సమాజాలు ఒక్కొక్కటే చితికిపోయాయి. నాటకం మాత్రం చావలేదు. కాంట్రాక్టరు అనే మనిషి పుట్టుకొచ్చాడు.

ఆయన పని ఇదీ. ఫలానా ఊరి జాతరకు కురుక్షేత్రం కావాలి. కృష్ణుడికి ఒక ఊరి నటుడు, దుర్యోధనుడికి ఇంకో ఊరి నటుడు, కర్ణుడికి మరో ఊరాయన. ఉత్తరాలు, అడ్వాన్సులు వెళ్ళేవి. పార్వతీపురం, బొబ్బిలి వైపు జాతరలైతే నటులు సాయంత్రం బండికి దిగి, ట్రంకు పెట్టె కూలీ నెత్తిన పెట్టించి నేరుగా మేకప్ గదికి పోయేవారు. అక్కడ ఒకరికొకరు నమస్కారాలు. "అన్నగారూ, ఏ శ్రుతి? రాయబారంలో ఏ పద్యం దగ్గర నాకు అందిస్తారు?" రిహార్సల్ అంటే అదే. రాత్రి తెర లేస్తే తెల్లారేదాకా భారతం నడిచేది.

కృష్ణుడే ముగ్గురు ఉండేవారు. పడక సీనుకు ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, యుద్ధానికి మూడో కృష్ణుడు. ఒకడు వదిలిన పాత్రను ఇంకొకడు అదే ఠీవితో అందుకోవాలి. ఈలపాట రఘురామయ్య గారు, బందా కనకలింగేశ్వరరావు గారు, షణ్ముఖి ఆంజనేయరాజు గారు, మన ఉత్తరాంధ్రకు గర్వకారణమైన పీసపాటి నరసింహమూర్తి గారు అందరూ కృష్ణులే. ఒక్కొక్కరి కృష్ణుడు ఒక్కో రకం, అయినా చూసేవాడికి కృష్ణుడు ఒక్కడే.

నాన్నగారి ఉద్యోగం వల్ల మా చదువంతా అరవ మీడియంలో సాగిందని మీకు తెలుసు. తెలుగు అక్షరాలు మేము బడిలో దిద్దలేదు, ఇంట్లో ఉన్న పద్య నాటకాల పుస్తకాల మీదే దిద్దాం. అరవదేశంలోనూ ఇదే పద్ధతి ఉందని మాకు అప్పుడే తెలుసు. అక్కడ దాన్ని స్పెషల్ నాటకం అంటారు. మదురై వైపు ఊరి పండగలకు నటీనటులను విడివిడిగా, ‘స్పెషల్’గా మాట్లాడుకుంటారు. వాళ్ళు ఆ రాత్రి వేదిక మీదే కలుస్తారు. శంకరదాస్ స్వామిగళ్ (1867–1922) రాసిన వళ్ళి తిరుమణం అందరికీ కంఠతా వచ్చు, కాబట్టి నాటకం నడిచిపోతుంది. అందులో వాదన ఘట్టం మాత్రం నటుల సమయస్ఫూర్తికే వదిలేస్తారు. ఇటు తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, అటు స్వామిగళ్ వళ్ళి. ముక్కూ మొహం ఎరగని ఇద్దరు గంటల తరబడి ఒకే కథలో బతకాలంటే ఇద్దరికీ ముందే తెలిసిన కథ ఒకటి ఉండాలి.

మన కుర్రాళ్ళ ఆటకూ ఇదే మొదటి మెట్టు. మీరు చేరిన ఊరికి కట్టుబాట్లు ఉంటాయి. పోలీసు ఏం చేయవచ్చు, దొంగ ఏం చేయకూడదు అన్నది ముందే రాసి ఉంటుంది. అది చదవకుండా వేషం కట్టేవాడు పద్యం రాకుండా కిరీటం పెట్టుకున్న కృష్ణుడు.

రైల్వేలో పని చేసిన మాకు ఆ కాంట్రాక్టు నటుల గొప్పతనం ఒక్క మాటలో చెప్పాలంటే లైన్ క్లియర్. సింగిల్ లైను మీద అవతలి స్టేషను లైన్ క్లియర్ ఇస్తేనే ఇవతలి బండి కదులుతుంది. వేదిక మీద కూడా అంతే. తన పద్యం ముగించి ఎదుటివాడికి దారి ఇవ్వాలి. ఈ విద్యకు అసలు గురువు కాంట్రాక్టు నాటకం కంటే చాలా పాతది, కూచిపూడి భామాకలాపంలోని మాధవి. సత్యభామ తెర మీదుగా జడ చూపించి ప్రవేశిస్తుంది, అందరి కళ్ళూ ఆమె మీదే. కానీ కలాపాన్ని నడిపేది చెలికత్తె మాధవి. "ఎవరమ్మా నువ్వు? ఎవరి కూతురివి? నీ భర్త పేరేమిటి?" అని అడుగుతుంది. పేరు చెప్పడానికి భామ సిగ్గుపడుతుంది, మాధవి వదలదు. ఆ సిగ్గులోంచి, కోపంలోంచి, విరహంలోంచి సత్యభామ అనే మనిషి మన ముందు నిలబడుతుంది. అదే నటుడు కృష్ణుడి దగ్గరకు వెళ్ళేసరికి మాధవుడు అయిపోతాడు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను అందరూ తలుచుకుంటారు. ఎదురుగా నిలబడి ప్రశ్నలు అందించిన మాధవిని ఎవరు తలుచుకుంటారు?

రోల్ ప్లే బాగా చేయాలనుకునే పిల్లలకు మేము చెప్పగలిగిందల్లా ఇదే: ముందు మాధవి వేషం నేర్చుకోండి. పోలీసు వేషంలో ఉన్నవాడు దొంగను పట్టుకోగానే కటకటాల్లో పడేస్తే ఆట రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది. "ఏ ఊరు నీది? ఈ బండి ఎవరిది? ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగితే అవతలివాడు అప్పటికప్పుడు ఒక తల్లిని, ఒక అప్పును, ఒక ఊరిని కల్పించుకుంటాడు. అప్పుడు ఇద్దరికీ పాత్ర దొరుకుతుంది.

కుర్రాళ్ళు ఇంకో రెండు తప్పుల పేర్లు చెప్పారు, మెటాగేమింగ్, పవర్‌గేమింగ్. పేర్లు కొత్తవి, రోగాలు పాతవి. మొదటిది, ఆడేవాడికి తెలిసింది పాత్రకు కూడా తెలిసినట్టు ప్రవర్తించడం. కర్ణుడి వేషం వేసే నటుడికి కుంతి ఎవరో చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ కృష్ణుడు నోరు విప్పి చెప్పేదాకా ఆ ముఖానికి తెలియకూడదు. రెండోది, ఎదుటివాడికి అవకాశం ఇవ్వకుండా ఫలితం కూడా తానే తేల్చేయడం. ఇందుకు మందు దుర్యోధనుడి దగ్గర ఉంది. మాధవపెద్ది వెంకట్రామయ్య గారి దుర్యోధనుడి పేరు వినని పాతతరం నాటక ప్రియులు ఉండరు. సభలో కృష్ణుణ్ణి కట్టెయ్యమని గర్జిస్తాడు, మరుక్షణం విశ్వరూపం ముందు విఫలమవుతాడు. ఆ గర్జనలో నిజంగా కట్టేస్తాడన్నంత బలం లేకపోతే విశ్వరూపానికి విలువే లేదు. ఓటమి తన పాత్రలోనే ఉందని తెలిసి, చివరి క్షణం దాకా గెలుస్తానని నమ్మడం చాలా కష్టమైన నటన. మన పిల్లల్లో కొందరు ఓడిపోయే సమయానికి నెట్ కట్ చేసి మాయమవుతారట. అడ్వాన్సు తీసుకుని సీను మధ్యలో మేకప్ కడుక్కుపోయిన నటుణ్ణి మళ్ళీ ఏ కాంట్రాక్టరు పిలుస్తాడు?

ఈ ఆటల పుట్టుక గురించి కూడా కొంత చదివాం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ వేషాలు వేసుకోవడమే. 1978లో ఇంగ్లండు ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ కలిసి దాని వంటిదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించారు. దాని పేరు మడ్. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాయి. వార్‌క్రాఫ్ట్‌లో వేషం విడవకుండా ఆడేవాళ్ళ కోసం వేరే సర్వర్లే పెట్టారు. బార్టిల్ గారు 1996లో ఒక వ్యాసంలో ఆటగాళ్ళను పేకముక్కల్లాగా నాలుగు రకాలు చేశారు: సాధించేవాళ్ళు, వెతికేవాళ్ళు, కలిసేవాళ్ళు, చంపేవాళ్ళు. మా ఉద్దేశంలో ఐదో రకం ఒకటుంది, వన్స్ మోర్ కోసం ఆడేవాళ్ళు. ఆయన కాంట్రాక్టు నాటకం చూసి ఉండరు.

ఆ వన్స్ మోర్ సంగతి దాచకుండా చెప్పుకోవాలి. జనం ఈలలు వేసి మళ్ళీ పాడమనేవారు, నటుడు పాడేవాడు. రాగం పెరిగింది, మాట తరిగింది. అర్జునుడు ఎదురుగా నిలబడి కాళ్ళు మార్చుకుంటూ ఉంటే కృష్ణుడు ఒకే పద్యాన్ని పావుగంట సాగదీసేవాడు. బళ్ళారి రాఘవ గారు (1880–1946) ఈ సాగదీత పాటను మొదట్నుంచీ ఒప్పుకోలేదు. నటన సహజంగా ఉండాలనేవారు. అయినా సొంతంగా చేర్చుకోవడం ఎప్పుడూ చెడ్డదేనంటే మేము ఒప్పుకోం. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్రలో కాటి సీనుకు నటులు జాషువా గారి శ్మశానవాటి పద్యాలు తెచ్చి కలిపారు. అవి కవి రాసిన నాటకంలోవి కావు. కానీ ఆ కాటిలో నిలబడిన మనిషి గుండెలోవి, అందుకే అతుక్కుపోయాయి. చింతామణిలో జరిగింది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. కాళ్ళకూరి నారాయణరావు గారు వేశ్యా వ్యసనాన్ని ఖండిస్తూ రాసిన నాటకం అది. సుబ్బిశెట్టి పాత్రకు నటులు ఈలల కోసం బూతులు చేర్చుకుంటూ పోయారు. రాసిన నాటకం వెనక్కిపోయి చేర్పులే నాటకమైపోయాయి. ఒక కులాన్ని అవమానిస్తోందన్న అభ్యంతరం మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ప్రదర్శనను నిషేధించింది. నిషేధం సబబా కాదా అన్నది వేరే చర్చ. జాషువా పద్యం కథను ముందుకు తీసుకెళ్ళింది, సుబ్బిశెట్టి బూతు కథను ఆపేసింది. పిల్లలు హెడ్‌ఫోన్లలో నవ్వు కోసం ఎదుటివాడి కులాన్నో యాసనో వెక్కిరించేటప్పుడు ఈ తేడా గుర్తు చేయాల్సింది మనమే.

ఇదంతా మన సునాబెడకు ఎందుకంటారా? 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా జయపురం జమీందారీ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు (1869–1951) ఒడియాలోనూ తెలుగులోనూ పండితులు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవారు. ఈ కొండల్లో దేశియా నాట్ వాళ్ళు ఇప్పటికీ మొహాలు కట్టుకుని ఆరుబయట రాత్రంతా రామాయణం ఆడతారు. 1964లో ఇక్కడ మిగ్ ఇంజన్ల కర్మాగారం వచ్చాక మనలాంటి కుటుంబాలు ఎన్నో వచ్చి స్థిరపడ్డాయి. మన పిల్లలు బడిలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు చదువుతున్నారు. తెలుగు బోర్డు చదవలేరు. ఇంట్లో అడిగినదానికి అవును, కాదు అంటారు, అంతే. కానీ ఆ ఆటలో మేము ఒక కుర్రాడి మాట విన్నాం. టాక్సీ డ్రైవరు వేషంలో ఉన్నాడు. "అయ్యగారూ, సాలూరు ఘాటీ మీద మంచు పట్టేసింది, నిదానంగా పోనిస్తాను, కంగారు పడకండి" అన్నాడు. అంత పొడుగు తెలుగు వాక్యం వాడి నోట వాళ్ళమ్మ కూడా ఎప్పుడూ వినలేదట! ఎవరు నేర్పారని అడిగితే, అవతల ఎక్కినవాడు గోదావరి జిల్లా ముసలాయన వేషంలో మాట్లాడుతున్నాడు, నేనూ అలాగే మాట్లాడాలి కదా తాతగారూ అన్నాడు.

అందుకని ఒక ప్రతిపాదన. ఆట మాన్పించే తీర్మానం పక్కన పెట్టండి. రాత్రి పదిన్నరకు ముగించాలన్న నియమం చాలు, పరీక్షల నెలలో అది కూడా వద్దు. రాబోయే సమావేశంలో అరగంట పిల్లలకు ఇద్దాం. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి ఒకరికి సత్యభామ, ఒకరికి మాధవి ఇద్దాం. పద్యాలు అక్కర్లేదు, ప్రశ్నలు చాలు. హార్మోనియం వాయించగలిగిన సభ్యులు ఎవరైనా ఉంటే తెలియజేయండి. ఇళ్ళలో అటక మీద పాత నాటకాల కరపత్రాలు, కురుక్షేత్రం పుస్తకాలు ఉంటే చిరిగినవైనా సరే పట్టుకురండి. ఫోటోలు తీసుకుని మీవి మీకు తిరిగి ఇచ్చేస్తాం.