వీరగల్లు మీది బొమ్మలు

కన్నడ దేశములో స్థిరపడిన మనవారిలో, గుడి వెనుకనో చెరువు కట్ట మీదనో నిలువుగా పాతిన బొమ్మల రాళ్ళను చూడనివారుండరు. కొందరు దేవుడని పసుపు పూయుదురు, కొందరు వాటిమీదనే బట్టలుతుకుదురు. ఇవి వీరగల్లులు. యుద్ధములోనో, దొంగలు తోలుకొనిపోవు పసులను మళ్ళించుటలోనో ప్రాణము విడిచినవాని జ్ఞాపకార్థము నిలిపినవి. మన పల్నాటి కారెంపూడి వీరుల గుడిలో కొలుచు రాళ్ళు వీనికి చుట్టములే.

వీనిని క్రిందినుండి పైకి చదువవలెను. అడుగున పోరు: విల్లు, కత్తి, గుర్రము. ఆవులు కూడ ఉన్నచో పసులకొరకు జరిగిన పోరని తెలియును. నడుమ అప్సరసలు వీరుని ఇరుప్రక్కల పట్టుకొని స్వర్గమునకు తీసికొనిపోవుచుందురు. పైన అతడు శివలింగము నెదుట కూర్చుండును. అన్నిటికి మీద సూర్యచంద్రులు. దానపత్రములలో ఆచంద్రార్కమని వ్రాయుదురు గదా, ఆ మాటకే ఇది బొమ్మ. ఆనాటి ఊళ్ళలో చదువు వచ్చినవారెందరు? ఎఱ్ఱజెండాకు అక్షరములు అక్కరలేనట్లే ఈ రాతికిని అక్కరలేదు. కొన్నిటిపై వ్రాత కూడ ఉండును. భాష కన్నడమే గాని, లిపి ఆ కాలమున తెలుగునకును కన్నడమునకును దాదాపు ఒక్కటే.

మండ్య జిల్లా ఆతకూరు రాయి వీనిలో నాకు మిక్కిలి ఇష్టమైనది. క్రీ.శ. 949-50 నాటిది. తక్కోలపు యుద్ధములో రాష్ట్రకూట రాజు మూడవ కృష్ణుడు చోళ రాజాదిత్యుని గెలిచిన సంగతి దానిపై నున్నది. గంగరాజు బూతుగుడు తన బంటు మణలేరుని పరాక్రమమునకు మెచ్చి, ఏమి కావలెనో కోరుకొమ్మనెను. అతడు కాళి అను వేటకుక్క నడిగెను! ఆ కాళి ఒక పెద్ద అడవిపందిపై పడి, దానిని చంపి తానును చచ్చెను. రాతిపై కుక్కయు పందియు పోరాడుచున్నవి. రాజుల యుద్ధమంతయు అక్షరములలో నుండగా బొమ్మ మాత్రము కుక్కకు దక్కినది. రాతిని పూజింపక భుజించు పూజారికి పాపము తగులునని కూడ వ్రాసిరి. ఆ రాయి తరువాత బెంగళూరు ప్రభుత్వ మ్యూజియమునకు చేరినది.

మాస్తికల్లు వేరు. ఒక కంబము, దానినుండి పైకెత్తిన ఆడుదాని చేయి, మోచేతివద్ద వంగి, నిండుగా గాజులు. కొన్నిటిలో వ్రేళ్ళ నడుమ నిమ్మపండు. మాస్తి యనగా మహాసతి, భర్తతో అగ్నిలో పడినది. గాజులు పగులలేదు గనుక ముత్తైదువగానే పోయినదని అర్థము. మా ఇంటి ఆడువారు అట్టి రాతికి కుంకుమ పెట్టుదురు. నేను అడ్డు చెప్పను. కాని మగవాడు ఎందుకు చచ్చెనో అతని రాతిపై చెక్కిరి, ఆమె మనసులో ఏముండెనో చెక్కినవారు లేరు.

బెంగళూరులో నున్నవారు ఒక ఆదివారము బేగూరు నాగేశ్వరాలయమునకు పోయి రావచ్చును. సుమారు క్రీ.శ. 890 నాటి శాసనమొకటి అచ్చట నున్నది. బెంగళూరు యుద్ధములో ఒకడు పడిపోయెనని దానిలో నున్నది. కెంపెగౌడ 1537లో కోట కట్టుటకు ఆరువందల యేండ్లకు పైగా ముందే, మనము కాపురమున్న ఈ ఊరి పేరు ఒక చనిపోయినవాని రాతిపై నున్నదన్నమాట.