మూలము – ప్రతి: అజంతా చిత్రాల కథ

తాళపత్ర గ్రంథాలతో పరిచయం కలిగిన నాటినుండి ‘ప్రతి’ అనే మాటపై నాకు గౌరవం మెండు. మూలం చెదల పాలైనా, లేఖకుడు వ్రాసిన ప్రతి ఉంటే కావ్యం బ్రతుకుతుంది. బ్రౌను దొర జీతాలిచ్చి ప్రతులు వ్రాయించకపోయి ఉంటే మనకెన్ని కావ్యాలు మిగిలేవో! చిత్రకళకూ ఇదే వర్తిస్తుంది.

అజంతా గుహల బౌద్ధచిత్రాలలో అధికభాగం క్రీ.శ. 5వ శతాబ్దపు వాకాటకుల కాలానివి. మట్టిపూతపై సున్నం పూసి వేసిన రంగులవి. తేమ తగిలితే పెచ్చులూడుతాయి. మా ముంచింగిపుట్టు మన్యంలో గోడ పాడైతే ఎర్రమట్టితో మళ్ళీ అలుకుతారు. అజంతా గోడను అలా అలకలేము కదా! అందుకే ప్రతి అవసరమయింది.

1844లో మదరాసు సైన్యాధికారి రాబర్ట్ గిల్‌ను ఈ పనికి నియమించారు. ఆయన ఏళ్ళ తరబడి వేసిన తైలవర్ణ ప్రతులలో చాలావరకు 1866లో లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి. 1872 నుండి బొంబాయి కళాశాల విద్యార్థులతో జాన్ గ్రిఫిత్స్ వేయించిన వాటిలో అనేకం 1885లో లండనులోనే మరో అగ్నికి ఆహుతి అయ్యాయి. మూలాన్ని కాపాడవలసిన ప్రతులే మూలం కన్న ముందు నశించడం విధివిలాసం.

ఇటలీ ప్రాచీన మతచిత్రాలకు ప్రతులు వేసిన అనుభవం గల క్రిస్టియానా హెరింగ్‌హామ్ 1909–11 నడుమ రెండు శీతకాలాలు అజంతాలో శ్రమించారు. నందలాల్ బోసు, అసిత్ కుమార్ హల్దార్, సమరేంద్రనాథ్ గుప్తా, వెంకటప్పలతోపాటు హైదరాబాదునుండి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ తోడ్పడ్డారు. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలోనిదే. కనుక ఈ కథలో మనకూ పాలుంది. ఆ ప్రతులు 1915లో గ్రంథరూపం దాల్చాయి. తైలవర్ణపు మెరుపు ఆ గోడలకు లేదు. నీటిరంగుల మెత్తదనమే వాటి స్వభావానికి దగ్గర.

ఇక ధర్మసందేహం ఒకటి. పెచ్చులూడిన చోట చిత్రకారుడు ఏం చేయాలి? ఊహించి పూరించాలా, ఖాళీగా వదలాలా? మన లేఖకులు అట్టిచోట ‘గ్రంథపాతం’ అని చూపి ముందుకు సాగారు. నా ఓటు ఆ నిజాయితీకే. పూరించినది ఎంత సుందరమైనా, అది అజంతా కాదు.

1920–22లో ఇటలీ నిపుణులు గోడలకు పట్టించిన లక్కపూత కాలక్రమేణా ముదిరి రంగులను మరుగుపరచింది. అంతకు ముందటి రూపం తెలుసుకోవడానికి పాత ప్రతులే సాక్ష్యం. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో అజంతా ప్రతులున్నాయి. మిత్రులారా, వాటిని ‘నకళ్ళే కదా’ అని దాటిపోకండి. లేఖకుడికి మ్రొక్కినట్లే ఆ చిత్రకారులకూ ఒక నమస్కారం పెట్టండి.