బొమ్మల కథల సంకలనాలు: మాట, మౌనం

సంకలనం అంటే దొరికిన రచనలన్నీ పోగుచేసి అట్ట వేయడం కాదు. 1944లో వచ్చిన 'నయాగరా'లో ఉన్నది కుందుర్తి, బెల్లంకొండ రామదాసు, ఏల్చూరి సుబ్రహ్మణ్యం ముగ్గురే. అయినా అభ్యుదయ కవితా చరిత్రలో దానికొక స్థానం దక్కింది. ఆ ముగ్గురినీ ఒకచోట చేర్చింది స్నేహం మాత్రమే కాదు, కాలం కూడా. వివిధ దేశాల చిత్రకారులు ఒకే వస్తువు మీద గీసిన బొమ్మల కథల సంకలనాలను కూడా ఈ గీటురాయి మీదే పరీక్షించాలని నా ఉద్దేశం. కామిక్స్ పిల్లల కాలక్షేపమన్న చిన్నచూపు సాహిత్య విద్యార్థుల్లో ఇంకా పోలేదు కనుక ఈ మాట చెప్పవలసి వస్తున్నది.

కొన్ని సంకలనాలు ఒక చట్టానికి జవాబుగా పుడతాయి. 1988లో బ్రిటన్‌లో థాచర్ ప్రభుత్వం స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను 'ప్రోత్సహించరాదం'టూ 28వ సెక్షన్ తెచ్చింది. అదే ఏడాది అలన్ మూర్ తన సొంత ప్రచురణ సంస్థ నుంచి 'ఆర్గ్' వెలువరించాడు. అమెరికా నుంచి రాబర్ట్ క్రంబ్, ఆర్ట్ స్పీగెల్‌మన్ వంటివారు చేయి కలిపారు. ఇలా అప్పటికప్పుడు తెచ్చిన పుస్తకంలో ఎగుడుదిగుళ్లు తప్పవు. వాటిని నేను లోపంగా లెక్కించను. ఆ సెక్షన్ స్కాట్లాండ్‌లో 2000లో, మిగతా చోట్ల 2003లో రద్దయింది.

పారిస్‌లోని లాసోసియాసియోఁ సంస్థ 1999 చివర తెచ్చిన 'కామిక్స్ 2000' తీరు పూర్తిగా వేరు. 2000 పుటలు, 29 దేశాల నుంచి 324 మంది చిత్రకారులు. వస్తువు ఇరవయ్యో శతాబ్దం. నియమం ఒక్కటే: మాట ఉండకూడదు. అనువాదం అక్కరలేదు; ఒకే ముద్రణ ఏ దేశంలోనైనా చెల్లుతుంది. ఆలోచన గొప్పదే. కాని మౌనం ఉచితంగా రాదు. వంగిన నడుమును గీయవచ్చు. ఆ నడుముకు ఎంత కూలి ఎగ్గొట్టారో గీయడం కష్టం. సైనికుణ్ణి గీయవచ్చు, ఎవరి లాభం కోసం వాణ్ణి అక్కడికి తోలారో చెప్పాలంటే పేర్లు కావాలి, తేదీలు కావాలి. యాస పోతుంది, తిట్టు పోతుంది, నినాదం పోతుంది. మిగిలేది దేహం. ఆకలిని, భయాన్ని దేహం మాటకన్నా సూటిగా చెబుతుందన్న మాట నిజమే. అయితే శతాబ్దాన్ని చెప్పడానికి అది చాలదని నా అభిప్రాయం. పైగా 29 దేశాలంటే ప్రపంచమూ కాదు.

నాకు ఇంతకన్నా విలువైనదిగా కనిపించేది లుబ్లియానా నగరంలో 1992లో మొదలైన 'స్ట్రిప్‌బర్గర్' పత్రిక. అంతకు ముందు ఏడే స్లొవేనియా యుగొస్లావియా నుంచి విడిపోయింది. పక్క రిపబ్లిక్కులు యుద్ధంలో తగలబడుతున్నాయి. అటువంటి చోట కూర్చుని ఆ పత్రికవారు 1997లో 'స్ట్రిప్‌బురెక్' పేర తూర్పు యూరపు దేశాల బొమ్మల కథలను ఒక సంకలనంగా తెచ్చారు. బురెక్ అంటే బాల్కన్ వీధుల్లో అమ్మే పొరల రొట్టె. అమెరికా బర్గర్‌ను ఊరి వంటకంతో వెక్కిరించడం కూడా ఒక విమర్శే. 2003లో యుద్ధం మీద 'వార్‌బర్గర్', 2012లో శ్రమ మీద 'వర్క్‌బర్గర్' వచ్చాయి. 2006 నాటి 'హనీ టాక్స్'కు ఆధారం తేనెపట్టు పెట్టెల ముందు పలకల మీద స్లొవేనియా పల్లెల్లో వేసిన పాత రంగుబొమ్మలు. జానపద కళను అద్దాల బీరువాలో పెట్టి పూజించకుండా, పరాయి చిత్రకారుల చేతికిచ్చి కొత్త కథ చెప్పమన్నారు. కేంద్రంలో ఉన్నవాడు పిలిచి కూర్చోబెట్టే అంతర్జాతీయత వేరు, అంచున ఉన్నవాడు ఇరుగుపొరుగును పోగుచేసుకునే అంతర్జాతీయత వేరు.

మన ఉపఖండంలో ఈ రెండో దారికి దగ్గరగా వచ్చింది 2013లో విశ్వజ్యోతి ఘోష్ సంపాదకత్వంలో వెలువడిన 'దిస్ సైడ్ దట్ సైడ్'. వస్తువు దేశ విభజన. పాల్గొన్నవారు భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌ల వారు. కథ రాసినవారికీ బొమ్మ గీసినవారికీ మధ్య కొన్నిచోట్ల సరిహద్దే ఉంది. అది ఇంగ్లీషు పుస్తకం. పారిస్‌వారు మాటను తీసేశారు. ఢిల్లీవారు మాటను ఉంచారు కాని అది పంజాబీ కాదు, బెంగాలీ కాదు, ఉర్దూ కాదు. ఇల్లు వదిలి పారిపోయినవాళ్లు దారిపొడుగునా ఏడ్చిన భాషల్లో ఆ మూడూ ఉన్నాయి.