తప్పు వేలిది కాదు

2008 మార్చి 23న హైదరాబాద్ విమానాల రాకపోకలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. అలాంటి ఈ కాలపు టెర్మినల్లో సీటు ఎంచుకునే పనీ, బోర్డింగ్ పాస్ తీసుకునే పనీ ప్రయాణికుడే తాకే తెర ఉన్న కియోస్కు ముందు నిలబడి చేసుకోవచ్చు. వేలు పక్క గడి మీద పడితే చాలామంది తమ చేతినే తిట్టుకుంటారు. నిజానికి ఆ నింద మోయాల్సింది తెరను రూపొందించినవాళ్లు. ఈ సంగతి విమానయాన రంగం ఎప్పుడో తెలుసుకుంది. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అమెరికా వైమానిక దళం కోసం 'పైలట్ పొరపాటు' అనిపించుకున్న 460 అనుభవాలను పరిశీలించారు. ఒక మీట బదులు మరొకటి లాగడం లాంటి తప్పులకు మూలం చాలావరకు మీటల అమరికలోనే ఉందని తేల్చారు. 1954లో ఫిట్స్ ఒక సూత్రమే ఇచ్చారు: గురి ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే, దాన్ని అందుకోవడానికి అంత ఎక్కువ సమయం పడుతుంది. వేలితో తాకే తెర కూడా ఈ రంగానికి పరాయిది కాదు. 1965లో ఇ.ఎ. జాన్సన్ బ్రిటన్ రాడార్ పరిశోధన సంస్థలో దాని గురించి రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లే.

గురిని పెద్దది చేయడానికి తెర మీద చోటు చాలకపోతే కర్సర్‌నే పెద్దది చేయవచ్చు. 1995లో కబ్బాష్, బక్స్టన్ బాణం మొన బదులు ఒక వైశాల్యం ఉన్న కర్సర్‌ను పరీక్షించారు. అయితే రెండు గురులు దగ్గరగా ఉంటే రెండూ అందులోనే పడతాయి. 2005లో టొరంటో విశ్వవిద్యాలయంలో గ్రాస్‌మన్, బాలకృష్ణన్ దీనికి విరుగుడు కనిపెట్టారు. వాళ్ల బబుల్ కర్సర్ కదిలేకొద్దీ పెరుగుతూ తగ్గుతూ ఎప్పుడూ ఒక్క గురినే, అన్నిటికంటే దగ్గరున్నదాన్నే, తనలో ఉంచుకుంటుంది. అంటే తెర మీది ఖాళీ జాగా అంతా పక్కనున్న గురులకే దక్కుతుంది.

కియోస్కులో కర్సరే లేదు కదా, సీట్లన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి కదా అనవచ్చు. కానీ సుమారు 180 సీట్ల విమానంలో పన్నెండే మిగిలాయనుకోండి. నిండిన సీట్లు ఇక గురులు కావు, ఖాళీ జాగాయే. వాటి మీద వేలు పడితే దగ్గరి ఖాళీ సీటు వెలగవచ్చు. అలాగైతే ప్రయాణికుడికి తెలియకుండా యంత్రమే సీటు అంటగడుతుందన్న భయం న్యాయమైనదే. దానికీ జవాబు పాతదే. 1988లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో పాటర్, వెల్డన్, ష్నైడర్‌మన్ వేలికి కాస్త పైన కర్సర్ చూపించి, వేలు ఎత్తినప్పుడే ఎంపిక ఖాయమయ్యేలా చేశారు. తాకగానే ఎంచుకునే పద్ధతి కంటే ఇది నెమ్మది, కానీ తప్పులు తగ్గాయి. సీటు విషయంలో ఆ కాసింత ఆలస్యం నష్టం కాదు.

శంషాబాద్‌లో ఇకమీదట ఏ కియోస్కు పెట్టినా, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు బయలుదేరిన కార్మికుడి చేత, చంకలో బిడ్డనెత్తుకున్న తల్లి చేత ముందుగా సీటు ఎంపిక చేయించి చూడండి. వాళ్ల వేలు తప్పితే తెరను మార్చండి.