కుట్టు వచ్చు, కాగితం లేదు

ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగానికి చదివేవాళ్లను నిద్రలో లేపి అడిగినా నాలుగు మాటలు ఒప్పజెప్తారు. ప్రిపరేషన్, ప్రెజెంటేషన్, అప్లికేషన్, టెస్టింగ్. నేర్చుకునేవాళ్లను ముందు పాఠానికి సిద్ధం చేయాలి, తర్వాత పని చేసి చూపాలి, తర్వాత వాళ్లతో చేయించాలి, ఆఖరుకు వచ్చిందో రాలేదో చూడాలి. మా యారాలు రెండేళ్లుగా ఈ పరీక్షల వెంట పడింది కనుక వంట చేస్తూ వింటూ నాకూ వచ్చేశాయి. ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద ఇంగ్లీషు పేర్లు ఎవరు పెట్టారా అని వెతకబోతే కథ ఓడల దగ్గరికి పోయింది.

1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. సైన్యాన్ని, సరుకును సముద్రం దాటించాలంటే ఓడలు కావాలి, ఓడలు కట్టాలంటే పని వచ్చిన మనుషులు కావాలి. పొలాల నుంచి, దుకాణాల నుంచి వచ్చిన కొత్తవాళ్లకు కొద్ది వారాల్లో పని నేర్పాల్సి వచ్చింది. ఆ బాధ్యత మీద పడ్డవాళ్లలో ముఖ్యుడు చార్లెస్ అలెన్ అనే వృత్తివిద్య నిపుణుడు. జర్మన్ తత్వవేత్త హెర్బార్ట్ బడి పాఠాల కోసం చెప్పిన మెట్లను తీసుకుని, సుత్తి పట్టేవాడికి పనికొచ్చేట్టు నాలుగుగా కుదించాడు. 1919లో వాటిని పుస్తకంగా రాశాడు. రెండో యుద్ధం వచ్చినప్పుడు అమెరికా ఫ్యాక్టరీల్లో అవే మెట్లు మళ్లీ బయటికి తీశారు. అక్కడి నుంచి దేశదేశాలు తిరిగి, ఇప్పుడు మన ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ల సిలబస్‌లో 'ట్రైనింగ్ మెథడాలజీ' అనే పేపర్లో కూర్చున్నాయి.

అలెన్ పట్టుకున్న అసలు సంగతి ఏమిటంటే, పని వచ్చినవాడు వేరు, పని నేర్పగలిగినవాడు వేరు. పదేళ్లు రివెట్లు కొట్టినవాడికి తన చెయ్యి ఏం చేస్తోందో మాటల్లో చెప్పడం రాదు. అందుకని అక్కడ ఏం చేశారో చూడండి. ముందు మంచి పనివాళ్లను ఎంచుకున్నారు. తర్వాత నేర్పడం ఎట్లాగో వాళ్లకు నేర్పించారు. ఈ వరస గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

నిజానికి ఈ నాలుగు మెట్లు మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నవే. మా అమ్మ నాకు జొన్నరొట్టె నేర్పినప్పుడు ముందు వేడినీళ్లు పోసి పిండి ఎట్లా కలపాలో చెప్పింది, రెండు రొట్టెలు చేసి చూపింది, చిన్న ముద్ద చేతికిచ్చి కొట్టమంది, అంచు పగిలిందా లేదా అని తిప్పి చూసింది. ఆమెకు సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు, అడగనూ లేదు.

మన దేశంలో కూడా ఇన్‌స్ట్రక్టర్ అనే ఉద్యోగం యుద్ధంలోంచే వచ్చింది. 1940లో బ్రిటిష్ ప్రభుత్వం యుద్ధ కర్మాగారాల కోసం టెక్నికల్ ట్రైనింగ్ స్కీమ్ పెట్టింది. 1941లో బెవిన్ స్కీమ్ కింద మన కుర్రాళ్లను పని నేర్చుకోవడానికి ఇంగ్లండ్ పంపారు. ఎర్నెస్ట్ బెవిన్ అప్పుడు బ్రిటన్ కార్మిక మంత్రి. పదకొండేళ్లకే బడి మానేసిన మనిషి. ఆయన పేరు మీద చదువు పథకం ఉండటం నాకు భలే నచ్చింది.

1945లో యుద్ధం ముగిసింది. లక్షలమంది సైనికులు ఇళ్లకు తిరిగొస్తే వాళ్లకు పని చూపాలి, పని రాకపోతే నేర్పాలి. ఈ రెండింటికీ కలిపి ఒక డైరెక్టరేట్ పెట్టారు. మన రాష్ట్రంలో ఇప్పటికీ 'ఉపాధి, శిక్షణ శాఖ' అని రెండూ ఒకే గొడుగు కింద ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ కార్డు కోసం మా నాన్నల తరం వరస కట్టిన ఆఫీసు, మా యారాలు హాల్ టికెట్ కోసం చూసే శాఖ, ఒకే తల్లి పిల్లలు. దేశ విభజన తర్వాత కాందిశీకులకూ ఇక్కడే పని నేర్పారు. నేర్పేవాళ్లు చాలకపోవడంతో 1948లో బిలాస్‌పూర్ దగ్గర కోనిలో ఇన్‌స్ట్రక్టర్ల కోసమే ఒక శిక్షణ సంస్థ మొదలైంది. 1950లో క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ వచ్చింది, దేశం మొత్తం మీద యాభై దాకా ఐటీఐలతో. 1956లో వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికొచ్చింది.

ఆడవాళ్లు ఈ కథలోకి కొంచెం ఆలస్యంగా వచ్చారు. 1955లో ఢిల్లీలో మహిళా ఇన్‌స్ట్రక్టర్ల కోసం విడిగా సంస్థ పెట్టారు. 1977లో అది జాతీయ సంస్థగా ఎదిగింది. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ మహిళలకు అలాంటి సంస్థ ఉంది.

ఇదంతా ఢిల్లీ కథ. మా దిక్కు కథ ఇంకొకటుంది, అదే నాకు ఎక్కువ ఇష్టం.

బోథ్ నుంచి హైవే ఎక్కి ఉత్తరంగా పోతే ఇచ్చోడ, ఆదిలాబాద్, పెన్‌గంగ. నది దాటితే మహారాష్ట్ర. ఆ రోడ్డు మీదనే ఇంకా పోతే హింగన్‌ఘాట్ వస్తుంది. అది వార్ధా జిల్లా. 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యావేత్తలను పిలిచి, పిల్లల చదువు ఒక చేతిపని చుట్టూ తిరగాలని ప్రతిపాదించారు. రాట్నం, మగ్గం, వ్యవసాయం, ఏదో ఒకటి. దానికి పాఠ్యప్రణాళిక తయారు చేసిన కమిటీకి పెద్ద డాక్టర్ జాకీర్ హుస్సేన్. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన ఆయన పుట్టింది హైదరాబాద్‌లోనే. గాంధీజీ ఆలోచన మంచిదా కాదా అనే వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. బడి ఖర్చును పిల్లలు వడికిన నూలుతో తీర్చవచ్చన్న మాట నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. కానీ ఆ పథకానికి అసలు ముడి పడింది పంతుళ్ల దగ్గర. నేతగాడికి అక్షరం రాదు, పంతులుకు నేత రాదు. ఇద్దరిలో ఎవరికి రెండోది నేర్పాలి?

అదే ప్రశ్న ఆరేళ్ల తర్వాత మాకు తూర్పున మార్లవాయిలో వచ్చింది. ఉట్నూరు దాటి జైనూరు మండలంలో ఉంటుంది ఆ ఊరు, ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి పోయింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక, ఆదివాసుల గోడు ఏమిటో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి పడింది. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్య ఇల్లు కట్టుకుని ఉన్నారు. గోండు పిల్లలకు బళ్లు పెట్టాలన్నారు. పంతుళ్లెవరు? బయటి నుంచి చదువుకున్నవాళ్లను తెస్తే వాళ్లకు గోండి రాదు. గోండి వచ్చినవాళ్లకు చదువు లేదు. మరాఠీలో కాస్త చదవడం, రాయడం వచ్చిన గోండు యువకులు మాత్రం కొద్దిమంది దొరికారు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచి వాళ్లనే తీర్చిదిద్దారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేశారు. ఇక్కడా అలెన్ వరసే. ముందు పిల్లల భాష, బతుకు తెలిసిన మనిషిని పట్టుకున్నారు, కాగితం చదువు తర్వాత కలిపారు. తర్వాతి దశాబ్దాల్లో గోండిలో చదువు చెప్పడం వెనకబడింది, అది వేరే దుఃఖం. హైమెండార్ఫ్ దంపతుల సమాధులు ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నాయి.

మరి వరస ఎప్పుడు తిరగబడింది? నాకు అర్థమైనంతలో పరీక్షలు వచ్చాక. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచీ ప్రభుత్వ టెక్నికల్ పరీక్షలు అని ఉండేవి. డ్రాయింగ్, టైలరింగ్, చేనేత, ఒక్కోదానికి లోయర్, హయ్యర్ అని రెండు గ్రేడ్లు. తమిళనాడులో ఇప్పటికీ ఈ పేర్లతోనే జరుగుతున్నాయి, మన దగ్గరా జరుగుతున్నాయి. ఆ పైన 42 రోజుల వేసవి శిక్షణ తీసుకుంటే టీటీసీ, అంటే టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్. బడుల్లో క్రాఫ్ట్ టీచర్ కావాలనుకునే ఆడవాళ్లు ఎండాకాలంలో పిల్లల్ని పుట్టింట్లో వదిలి పోయేది దానికే. ఐటీఐ వైపు దారి ఇంకొంచెం పొడుగు. ట్రేడ్‌లో సర్టిఫికెట్ ఉండాలి, ఆపైన ప్రవేశ పరీక్ష రాసి ఏడాది పాటు సీఐటీఎస్ అనే ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ చేయాలి, ఆ తర్వాత పోస్టు పడితే పోటీ పరీక్ష.

పరీక్ష ఎందుకు పెట్టారో నాకు అర్థం కాకపోలేదు. పరీక్ష లేకపోతే సర్పంచ్ చుట్టానికో, ఎమ్మెల్యే మనిషికో పోతుంది ఉద్యోగం. ఒక మేనమామ, ఒక సిఫార్సు ఉత్తరం లేని పిల్లకు రాతపరీక్షే దిక్కు. కానీ అది చేతిని చూడదు. మా యారాలు పెళ్లికి ముందు ఐటీఐలో డ్రెస్ మేకింగ్ చేసింది. పదకొండేళ్లుగా బోథ్‌లో రైకలు, పిల్లల గౌన్లు కుడుతోంది. మనిషిని ఒకసారి చూసి, టేపు పెట్టకముందే చంక ఎంత లోతు తీయాలో చెప్తుంది. ఆమె మాటల్లో కచ్చా కుట్టు, తుర్పాయి, కాజా, గల్ల ఉంటాయి. పేపర్లో అవే పనులకు ఇంగ్లీషు పేర్లుంటాయి. మిషన్‌లో బట్టను ముందుకు జరిపే పండ్లను ఫీడ్ డాగ్ అంటారట. అది చదివి, "కుక్కెక్కడి నుంచి వచ్చిందక్కా మధ్యల?" అని నవ్వింది. ఇంకో రోజు నవ్వలేదు. "చేతికి తెలిసింది నోటికి వస్తలేదక్కా" అంది. అలెన్ ఓడల దగ్గర చూసింది సరిగ్గా ఇదే కదా అనిపించింది నాకు.

ఒక కోచింగ్ వాళ్లు, పేరెందుకు లెండి, డబ్బు కట్టించుకుని వేరే ట్రేడ్ నోట్స్ జిరాక్స్ తీసి చేతిలో పెట్టారు. అందులో వెల్డింగ్ గురించి బాగానే ఉంది. దాని బదులు చెన్నైలోని నిమి సంస్థ పుస్తకాలు నయం. 1986లో జర్మనీ సాయంతో పెట్టిన సంస్థ అది, ఐటీఐ ట్రేడ్‌లకు బొమ్మలతో సహా పుస్తకాలు వేస్తుంది. తెలుగు మీడియంలో చదివిన మనిషికి బొమ్మ ఉంటే సగం భారం దిగినట్టే. ఆ బొమ్మ పక్కన ఆమె తన మిషన్‌ను పెట్టుకుని, ఒక్కో భాగానికి కాగితం ముక్క అంటించి పేరు రాసింది. బతుకమ్మ సీజన్‌లో రైకలకు వచ్చిన ఆడవాళ్లు ఆ చీటీలు చూసి ఇదేం పూజ అని అడిగేవారు.

2023లో గురుకులాల నియామక బోర్డు ఇచ్చిన నోటిఫికేషన్లలో మొత్తం 9,231 పోస్టులుంటే అందులో క్రాఫ్ట్ పోస్టులు 92. రాష్ట్రం మొత్తానికి. మళ్లీ ఎప్పుడొస్తాయో చెప్పగలిగినవాళ్లు లేరు, వయసు మాత్రం ఆగదు. ఇటు 2024లో రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను కొత్త యంత్రాలతో మార్చే పని మొదలుపెట్టింది. 2,324 కోట్ల పథకం. రోబోల గురించి నేర్పుతారట. మంచిదే. కానీ రోబో పక్కన నిలబడి నేర్పేవాళ్లను కూడా చేయి చూసి తీసుకుంటారో కాగితం చూసి తీసుకుంటారో అని నా అనుమానం. రాతపరీక్ష తీసేయమని నేను అనను. రాతలో గట్టెక్కిన కొద్దిమందికైనా ఒక పూట వర్క్‌షాపులో పని పెట్టి, పక్కన ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి నేర్పమని చూడొచ్చు కదా. కుట్టు పని అయితే ఒక మిషన్, ఒక మీటరు బట్ట చాలు.

ఈసారి ఆమె సీఐటీఎస్ ప్రవేశ పరీక్ష రాయబోతోంది. సీటు వస్తే హైదరాబాద్‌లో ఏడాది ఉండాలి. మరిది సరేనన్నాడు. చిన్నోడు నా దగ్గర ఉంటాడు, బడి ఇక్కడిదే కనుక వాడికి మార్పేమీ లేదు. మిషన్ మీద సగం కుట్టినవి తొమ్మిది రైకలున్నాయి, వాటికి హుక్కులు నేను వేస్తానన్నాను. అత్తమ్మ మాత్రం ఇంకా ఏమీ అనలేదు.