సెటీ ఎట్ హోమ్

సెటీ ఎట్ హోమ్ అనునది ప్రజల ఇళ్ళలో ఖాళీగా ఉన్న కంప్యూటర్ల సాయంతో గ్రహాంతర నాగరికతల రేడియో సంకేతాలను వెదికిన పరిశోధన. దీనిని అమెరికాలోని బర్కిలీ నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1999 మే 17న ప్రారంభించింది.

పనిచేయు విధానం

ప్వెర్టో రికోలోని అరెసిబో రేడియో దూరదర్శిని సేకరించిన సమాచారాన్ని చిన్న భాగాలుగా విడదీసి, అంతర్జాలం ద్వారా స్వచ్ఛంద సభ్యులకు పంపేవారు. యజమాని వాడని సమయంలో కంప్యూటరు ఆ భాగాన్ని విశ్లేషించి ఫలితాన్ని తిరిగి పంపేది. పొరపాట్లను గుర్తించుటకు ఒకే భాగాన్ని వేర్వేరు కంప్యూటర్లకు ఇచ్చేవారు.

ఫలితాలు

ఇందులో 50 లక్షల మందికి పైగా పాల్గొన్నారు. 2020 మార్చి 31న కొత్త పని పంపిణీ నిలిచిపోయింది. గ్రహాంతర సంకేతమేదీ నిర్ధారణ కాలేదు. అయినను ఈ పద్ధతి వృథా కాలేదు. ఈ బృందమే రూపొందించిన బాయింక్ సాఫ్టువేరుతో నడిచే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్, అరెసిబో సమాచారంలోనే 2010లో ఒక కొత్త పల్సార్ నక్షత్రాన్ని కనుగొన్నది.